డ్రోన్‌ను డ్రోన్‌తో తీయడానికి డీజేఐ ఎయిర్ 3: ఆ రెండో కెమెరా కోసమే కొనాలి

2023 జులైలో వచ్చిన డీజేఐ ఎయిర్ 3 గురించి పెళ్లి వీడియోలు తీసేవాళ్లూ, వెంచర్ల ప్రచారం చేసేవాళ్లూ, యాత్రలకు వెళ్లేవాళ్లూ ఇప్పటికే చాలా చెప్పారు. ఇక్కడ ఒకే ఒక్క పనికి అది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. గాల్లో ఎగురుతున్న మరో డ్రోన్‌ను వీడియో తీయడం ఆ పని. సొంతంగా డ్రోన్ కట్టుకున్నవాళ్లకు తమ డ్రోన్ మలుపుల్లో ఎలా వంగుతోందో చూసుకోవాలని ఉంటుంది. శిక్షణ ఇచ్చేవాళ్లకు పాఠానికి బొమ్మలు కావాలి. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు నడిపేవాళ్లకు స్ప్రే ఎలా పడుతోందో పక్క నుంచి కనబడాలి. ఈ పనికి ఎయిర్ 3 చక్కగా సరిపోతుంది. కానీ దాన్ని కొనడానికి చాలామంది చెప్పే కారణం, అంటే అన్ని దిక్కులా చూసే సెన్సర్లు, ఈ పనిలో లెక్కలోకి రాదు. ఇక్కడ కాపాడేది దూరం. ఆ దూరాన్ని ఇచ్చేది, దూరంలోని వస్తువును దగ్గరగా చూపించే దాని 70 మి.మీ. లెన్స్.

720 గ్రాముల ఈ డ్రోన్‌లో రెండు కెమెరాలున్నాయి. ఒకటి 24 మి.మీ.కు సమానమైన వైడ్ (ఎక్కువ వెడల్పు పట్టేది), వెలుగు లోపలికి వచ్చే రంధ్రం ఎఫ్ 1.7 (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ). రెండోది 70 మి.మీ.కు సమానమైన టెలి, ఎఫ్ 2.8. రెండింటిలోనూ 1/1.3 అంగుళాల సెన్సరే పెట్టారు కాబట్టి ఎడిటింగ్‌లో రెండు కెమెరాల క్లిప్పులు పక్కపక్కన వేసినా రంగు, గ్రెయిన్ పెద్దగా తేడా కొట్టవు. సాధారణ రికార్డింగు రెండింటిలోనూ 4కె 60 ఫ్రేముల వరకు, స్లో మోషన్ 4కె 100 ఫ్రేముల వరకు వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. వైడ్ లెన్స్‌తో 10 మీటర్ల దూరంలో ఫ్రేము దాదాపు 15 మీటర్ల వెడల్పును పట్టుకుంటుంది. ప్రొపెల్లర్లతో కలిపి అర మీటరు ఉండే డ్రోన్ అందులో ముప్పయ్యో వంతే. 4కె వీడియోలోని 3840 పిక్సెళ్లలో దాని వాటా సుమారు 128. తెర మీద అదొక చుక్క. అదే దూరంలో టెలి లెన్స్ దాదాపు 5 మీటర్ల వెడల్పునే పట్టుకుంటుంది. డ్రోన్ ఫ్రేములో పదో వంతు అవుతుంది, 370 పిక్సెళ్లు దాటుతుంది. చివరి వీడియో ఫుల్ హెచ్‌డీ చాలనుకుంటే క్రాప్ చేసి దాన్ని ఇంకో రెండింతలు పెంచుకోవచ్చు. ఇదే పరిమాణం వైడ్ లెన్స్‌తో కావాలంటే మూడున్నర మీటర్ల దగ్గరికి పోవాలి. రెండు యంత్రాలు గాల్లో మూడున్నర మీటర్ల ఎడంలో ఉంటే, ఒక గాలి విసురు వచ్చినా, ఒక స్టిక్ పొరపాటు జరిగినా తేరుకునే చోటు ఉండదు. ఢీకొట్టే ప్రమాదానికి ఒక వేరు ఇక్కడే ఉంది: వైడ్ లెన్స్‌తో ఎదుటి డ్రోన్ చిన్నగా కనిపిస్తుంది, పైలట్ తెర చూస్తూ ఇంకాస్త ముందుకు, ఇంకాస్త ముందుకు జరుపుతాడు.

అందుకని వైడ్ లెన్స్‌ను ఈ పనిలో వాతావరణం చూపించే దూరపు షాట్లకే ఉంచుకోండి. మిగతా అంతా టెలితోనే. మొదటి షాట్ 30 మీటర్ల నుంచి మొదలుపెట్టి, అంతా కుదురుగా ఉంటే 20కి, అవసరమైతే 15కి రావచ్చు. 10 మీటర్లు అనేది ఎదుటి డ్రోన్ ఒకే చోట నిలబడి ఉన్నప్పుడు మాత్రమే. కదులుతున్న డ్రోన్‌కు ఆ దూరం వద్దు.

సెన్సర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వాటి మీద పెట్టుకునే నమ్మకమే ప్రమాదం. ఎయిర్ 3 విజన్ సెన్సర్లు చెట్టు, గోడ, స్తంభం లాంటి కదలని, కాస్త పెద్ద వస్తువుల కోసం. కదిలే వస్తువులను తప్పించుకోవడం దాని వల్ల కాదని కంపెనీ మాన్యువల్ కూడా హెచ్చరిస్తుంది. ఎదుటి డ్రోన్ విషయంలో ఇబ్బందులన్నీ ఒకేచోట కలుస్తాయి. ప్రొపెల్లర్లను మోసే చేతులు సన్నం, తిరిగే ప్రొపెల్లర్లు కెమెరాకు దాదాపు పారదర్శకం, వెనకాల ఏ ఆనవాలూ లేని ఆకాశం, పైగా అది స్వయంగా కదులుతోంది. స్పోర్ట్ మోడ్‌లో పెడితే ఈ సెన్సర్ల రక్షణ పూర్తిగా ఆగిపోతుంది.

దీనికి రెండో పక్క కూడా ఉంది. సెన్సరు ఒక్కోసారి ఎదుటి డ్రోన్‌నో, పక్కనున్న చెట్టునో నిజంగానే పట్టుకుంటుంది. అప్పుడు డీజేఐ ఫ్లై యాప్‌లో సేఫ్టీ మెనూ కింద ‘బైపాస్’ ఎంచుకుని ఉంటే డ్రోన్ తన దారి తానే వెతుక్కుంటుంది, పక్కకో పైకో. అది ఎటు పోతుందో మీకూ తెలియదు, ఎదుటి పైలట్‌కూ తెలియదు. ఈ పనికి ‘బ్రేక్’ ఎంచుకోండి. అడ్డం వస్తే ఉన్నచోటే ఆగుతుంది. రెండు డ్రోన్ల మధ్య పనిలో ఎటు కదులుతుందో ముందే తెలియడం, తెలివిగా తప్పించుకోవడం కంటే విలువైనది.

ఇక ఆలస్యం. ఆర్‌సీ 2 రిమోట్‌తో దృశ్యం తెర మీదికి చేరడానికి సుమారు 120 మిల్లీసెకన్లు పడుతుందని కంపెనీ చెబుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటే ఆ లోపే 1.2 మీటర్లు దాటిపోతుంది. మనిషి చూసి, తేల్చుకుని, స్టిక్ కదపడానికి అర సెకను అనుకుంటే ఇంకో 5 మీటర్లు. అంటే బ్రేక్ వేయడం మొదలయ్యేలోపే 6 మీటర్లు పోయాయి, ఆగడానికి పట్టే దూరం దీనికి అదనం. రెండూ ఎదురెదురుగా అదే వేగంతో వస్తుంటే ఈ అంకె రెట్టింపు. కాబట్టి ఎదురుగా వచ్చి పక్కనుంచి దూసుకుపోయే షాట్, దారిని అడ్డంగా కోసే షాట్, ఈ రెండూ మానుకోండి. వాటి బదులు రెండూ ఒకే దిశలో, ఒకే వేగంతో, పక్కపక్కన పోనివ్వండి. ఒకదానికొకటి చూసుకుంటే వాటి మధ్య వేగం దాదాపు సున్నా. వేగంగా పోతున్న భావన నేపథ్యం ఇస్తుంది. 70 మి.మీ. లెన్స్ వెనకున్న చెట్లను, గట్లను దగ్గరికి లాగి చూపిస్తుంది కాబట్టి సెకనుకు 5 మీటర్ల నడక కూడా తెర మీద జోరుగానే కనబడుతుంది.

ఎక్కడ నిలబడాలన్నది వేగం కంటే కీలకం. ఒకదాని నెత్తిన ఇంకొకటి ఎప్పుడూ ఉండకూడదు. పై డ్రోన్ కిందికి తోసే గాలిలో పడ్డ డ్రోన్ లిఫ్ట్ పోగొట్టుకుని ఊగిపోతుంది, ఒక్కోసారి జారిపడుతుంది. ఆ తోపుడు గాలి నిట్టనిలువుగా కిందికే పోదు, వీచే గాలితో పాటు పక్కకు వాలుతుంది. అందుకే కెమెరా డ్రోన్‌ను గాలి వచ్చే వైపు పెడితే దాని తోపుడు గాలి అవతలి దాని మీదికి పోవచ్చు. పైగా దిక్సూచి గానీ జీపీఎస్ గానీ దెబ్బతిని డ్రోన్ కొట్టుకుపోవడం మొదలైతే గాలి దాన్ని నేరుగా ఎదుటి దాని మీదికే తీసుకెళ్తుంది. గాలి దిగువ వైపు పెడితే ఇదే తిరగబడుతుంది. సరైన చోటు గాలికి అడ్డంగా పక్కన. గాలి పడమర నుంచి వీస్తుంటే ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన ఉండాలి. రెండూ అదుపు తప్పినా సమాంతరంగా కొట్టుకుపోతాయి తప్ప ఒకదాని మీద ఒకటి పడవు.

ఎత్తు అంకెల్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. రిమోట్ తెర మీద కనబడేది ఆ డ్రోన్ లేచిన చోటి నుంచి లెక్కించిన ఎత్తు, అది కూడా గాలి పీడనాన్ని బట్టి. ఒకటి గట్టు మీద నుంచీ ఇంకొకటి రోడ్డు మీద నుంచీ లేస్తే రెండు తెరల మీదా ‘20 మీ.’ అని ఉన్నా అవి ఒకే ఎత్తులో లేవు. ఎండ ముదిరేకొద్దీ ఈ రీడింగు మారిపోతుంటుంది కూడా. రెండింటినీ ఒకే మట్టంలో లేపండి. పని మొదలుపెట్టే ముందు 15 మీటర్ల ఎడంలో రెండింటినీ 10 మీటర్ల ఎత్తుకు తెచ్చి, దూరంగా నిలబడ్డ మనిషితో కంటిచూపున పోల్చించండి. ఎత్తు తేడాతో తప్పించుకోవాలనుకుంటే ఆ తేడా కనీసం 10 మీటర్లు ఉండాలి. 3, 4 మీటర్ల తేడాను తేడాగా లెక్కేయొద్దు.

పైనుంచి నిట్టనిలువుగా తీసే షాట్ అందరూ అడుగుతారు. దాని బదులు పక్కకు జరిగి గింబల్‌ను (కెమెరాను కుదురుగా పట్టి తిప్పే కీలు) 50, 60 డిగ్రీలు కిందికి వంచితే ప్రొపెల్లర్ల చక్రాలు నాలుగూ కనబడతాయి, నేల మీద నీడ కూడా ఫ్రేములోకి వస్తుంది. బొమ్మగా చూసినా అదే మెరుగు.

ఎక్కువమంది పట్టించుకోనిది తిరుగు ప్రయాణం. రెండు డ్రోన్లూ ఒకేసారి లేస్తే బ్యాటరీలు కూడా ఇంచుమించు ఒకేసారి అడుగంటుతాయి. అప్పుడు రెండూ వాటంతటవే ఇంటిదారి పడతాయి. హోమ్ పాయింట్లు (డ్రోన్ తిరిగొచ్చి దిగే చోట్లు) పక్కపక్కనే ఉంటే చివరి 20 మీటర్లలో రెండూ ఒకే గాలి స్తంభంలోకి దిగుతాయి. హోమ్ పాయింట్లు కనీసం 15 మీటర్ల ఎడంలో ఉంచండి. తిరిగొచ్చే ఎత్తు ఒకదానికి 40 మీటర్లు పెడితే మరొకదానికి 60 పెట్టండి, చుట్టూ ఉన్న చెట్లూ టవర్లూ రెండింటికీ కింద ఉండేలా చూసుకుని. ఎయిర్ 3లో తిరుగు ప్రయాణానికి ‘ఆప్టిమల్’, ‘ప్రీసెట్’ అని రెండు రకాలున్నాయి. ‘ఆప్టిమల్’ దారిని తానే నిర్ణయిస్తుంది కాబట్టి మనకు కావలసింది ‘ప్రీసెట్’. అయినా ఒక లొసుగు మిగులుతుంది. డ్రోన్ హోమ్ పాయింట్‌కు 50 మీటర్ల లోపు ఉంటే పెట్టిన ఎత్తుకు లేవదు, ఉన్న ఎత్తులోనే నేరుగా వచ్చేస్తుంది. ఆ పరిధిలో 40, 60 తేడా మిమ్మల్ని కాపాడదు. అందుకే చిత్రీకరణ ఎప్పుడూ టేకాఫ్ చోటికి 50 మీటర్ల అవతలే పెట్టుకోండి.

సిగ్నల్ పోతే ఏం చేయాలన్న సెట్టింగులో, చెట్లు లేని మైదానంలో, కెమెరా డ్రోన్‌కు ‘హోవర్’ ఎంచుకోవడం మంచిది. అది కదలకుండా ఉంటే అదుపులో ఉన్న ఎదుటి డ్రోన్ పక్కకు తప్పుకోగలదు. దగ్గర్లో విద్యుత్ లైన్లు, నీళ్లు ఉంటే మాత్రం పైన చెప్పిన తిరుగు ప్రయాణానికే (యాప్‌లో ఆర్‌టీహెచ్) వదిలేయాలి.

ఎయిర్ 3 బ్యాటరీ 46 నిమిషాలని పెట్టె మీద ఉంటుంది. గాలిలో ఆగుతూ, కదులుతూ చేసే ఈ పనికి 30 నిమిషాల లోపే లెక్కేసుకోండి. 30 శాతం దగ్గర షాట్ ఆపేయాలి. లేచేటప్పుడు కెమెరా డ్రోన్ ముందు లేచి తన చోటికి వెళ్లి నిలబడుతుంది, ఆ తర్వాతే రెండోది లేస్తుంది. దిగేటప్పుడు రెండోది ముందు దిగి మోటార్లు ఆపాక కెమెరా డ్రోన్ కదులుతుంది. 46 నిమిషాల బ్యాటరీకి అసలు ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది: అవతలిది రెండుసార్లు బ్యాటరీ మార్చుకునేలోపు ఇది ఆగి ఎదురుచూడగలదు.

రేడియో విషయంలో ఎయిర్ 3 బాగానే నెట్టుకొస్తుంది. రిమోట్‌తో దాన్ని కలిపే ఓ4 లింకు 2.4, 5.8 గిగాహెర్ట్జ్ మధ్య తనంతట తానే మారుతుంది. అవతలిది కూడా డీజేఐ అయితే ఒకదాన్ని 2.4కు, ఇంకొకదాన్ని 5.8కు చేత్తో కట్టేయండి. అవతలిది అనలాగ్ ఎఫ్‌పీవీ (పైలట్ కళ్లజోడు తెరలో చూస్తూ నడిపేది) అయితే దాని వీడియో సాధారణంగా 5.8లో ఉంటుంది. వాటిలో వాడే రేస్‌బ్యాండ్ అనే ఎనిమిది ఛానెళ్లు 5658 నుంచి 5917 మెగాహెర్ట్జ్ వరకు పరుచుకుని ఉంటాయి. అప్పుడు ఎయిర్ 3ను 2.4లో ఉంచాలి. లేకపోతే ఎదుటి పైలట్ కళ్లజోడులో మలుపు మధ్యలో బొమ్మ చెదురుతుంది, ఆ క్షణంలో అతను నడిపేది మీ డ్రోన్ పక్కనే. పైలట్లిద్దరూ మాట వినబడే దూరంలో, కానీ రిమోట్లు ఒకదానికొకటి ఆనకుండా రెండు మూడు మీటర్ల ఎడంలో నిలబడాలి.

ఒక్కరే రెండు డ్రోన్లు నడపడం, ఒకదాన్ని గాల్లో నిలబెట్టి రెండోదాన్ని తిప్పడం వద్దు. అమెరికాలో చిన్న డ్రోన్ల నిబంధనలైన పార్ట్ 107 కింద ఎగరేసేవాళ్లకు 107.35 నిబంధన దీన్ని నేరుగా నిషేధిస్తుంది. పైలట్‌కే కాదు, విజువల్ అబ్జర్వర్‌గా (డ్రోన్‌ను కంటితో గమనిస్తూ) నిలబడ్డ మనిషికి కూడా ఒకేసారి ఒక్క డ్రోనే. అబ్జర్వర్లను పెట్టుకుంటే డ్రోన్‌కు ఒకరు చొప్పున, అంటే మొత్తం నలుగురు మనుషులు. మరో విమానానికి ఢీకొనే ప్రమాదం కలిగించేంత దగ్గరగా ఎగరేయకూడదన్న 107.37 కూడా వర్తిస్తుంది. డ్రోన్ కూడా చట్టం దృష్టిలో విమానమే. టెలి లెన్స్‌తో దూరం పాటించడం అక్కడ చట్టపరంగానూ బలం.

మాటలు ముందే కుదుర్చుకోవాలి. ‘ఆగు’ అంటే ఇద్దరూ స్టిక్‌లు వదిలేసి గాల్లో నిలబెట్టాలి. ‘విడిపో’ అంటే కెమెరా డ్రోన్ పైకీ వెనక్కీ, అవతలిది అదే ఎత్తులో ముందుకు. ఈ దిక్కులు ఎప్పుడూ మారకూడదు. ఇద్దరూ భయపడి ఒకే వైపు తప్పుకోవడం కంటే ఘోరం లేదు. కెమెరా పైలట్ తెర చూస్తాడు కాబట్టి అతని అబ్జర్వర్ మాటే చివరి మాట. అతను ‘ఆగు’ అంటే ఎందుకని అడగకుండా ఆగాలి. అవతలి డ్రోన్‌ను వేపాయింట్ల (ముందే గుర్తుపెట్టిన బిందువుల) మీద నడిపితే దాని దారి ఖాయంగా ఉంటుంది, దాని పైలట్ తల ఎత్తి చూడగలడు. రెండింటినీ వేపాయింట్ల మీద పెట్టొద్దు. రెండు మిషన్లకు ఒకే గడియారం ఉండదు, ఒకటి గాలికి రెండు సెకన్లు వెనకబడితే మీరు కాగితం మీద గీసుకున్న ఎడం అంతా పోతుంది.

బొమ్మ విషయానికొస్తే, వస్తువును దానంతటదే వెంబడించే యాక్టివ్‌ట్రాక్‌ను వాడకండి. డ్రోన్‌ను వెంబడించడానికి చేసింది కాదది. ఆకాశం మీద చిన్న ఆకారాన్ని పోగొట్టుకుని మరో దాన్ని పట్టుకోగలదు, పైగా కదలిక యంత్రం చేతిలోకి పోతుంది. స్పాట్‌లైట్ నయం, అది కెమెరాను మాత్రమే తిప్పుతుంది, నడక మీ చేతిలోనే ఉంటుంది. అయితే స్పాట్‌లైట్‌లో పక్క స్టిక్ నొక్కితే నేరుగా పక్కకు పోకుండా వస్తువు చుట్టూ తిరుగుతుందని గుర్తుంచుకోవాలి. ఫోకస్‌కు మరో చిక్కుంది. ఖాళీ ఆకాశంలో ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుకుతుంది. అంతే దూరంలో ఉన్న చెట్టు మీదో స్తంభం మీదో ఫోకస్ పట్టి, మాన్యువల్‌కు మార్చి వదిలేయండి.

షట్టర్ వేగం ఎక్కువైతే ప్రొపెల్లర్లు గడ్డకట్టినట్టూ, రోలింగ్ షట్టర్ (సెన్సర్ బొమ్మను ఒకేసారి కాక వరుసవరుసగా చదవడం) వల్ల వంగిపోయినట్టూ కనబడతాయి. ప్రొపెల్లర్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందనుకుంటే 1/1000 సెకనులో అది 36 డిగ్రీలే కదులుతుంది. 1/60లో ఒకటిన్నర చుట్టు దాటేస్తుంది, అప్పుడే పలచని చక్రంలా అందంగా వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఐఎస్‌ఓ 100లో టెలికి 1/60 కావాలంటే వెలుగును తగ్గించే ఎన్‌డీ 64 ఫిల్టర్ దగ్గర పడుతుంది. డీజేఐ అమ్మే ఎన్‌డీ ఫిల్టర్ రెండు లెన్సులనూ కలిపి కప్పే ఒకే ముక్క. టెలికి సరిపడా పెడితే వైడ్‌లో 1.4 స్టాపుల (ఒక స్టాపు అంటే రెట్టింపు) వెలుగు ఎక్కువ వస్తుంది, వైడ్‌కు మారినప్పుడు షట్టర్ మళ్లీ చూసుకోవాలి. ఎక్స్‌పోజర్ (బొమ్మకు అందే వెలుగు మోతాదు) లాక్ చేయడం మరవొద్దు. ఆటోలో వదిలేస్తే డ్రోన్ నేల నేపథ్యం నుంచి ఆకాశంలోకి లేవగానే నల్లటి నీడబొమ్మ అయిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పద్ధతి ఎక్కువగా అక్కరకొచ్చేది మందు కొట్టే డ్రోన్ల దగ్గర. వరి, మిర్చి చేలల్లో తిరిగే 10 లీటర్ల డ్రోన్ ప్రొపెల్లర్లతో కలిపి రెండు మీటర్ల వరకు ఉంటుంది. టెలితో 20 మీటర్ల నుంచే అది ఫ్రేములో ఐదో వంతు ఆక్రమిస్తుంది, ఇంకా దగ్గరికి పోవాల్సిన పనే లేదు. అది పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో పోతుంటే కెమెరాను 6 నుంచి 8 మీటర్ల ఎత్తులో, పక్కన ఉంచండి. గాలి దిగువకు మాత్రం పోకండి. మందు తుంపర లెన్స్ మీదా, మోటార్లలోనూ పడుతుంది, అది తుడిస్తే పోయే నీళ్లు కాదు. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య సూర్యుడు స్ప్రేకు అవతల ఉండేలా నిలబడితే తుంపర మొత్తం వెలుగులో మెరుస్తుంది, ఏ నాజిల్ మూసుకుపోయిందో కూడా కనబడుతుంది.

అక్కడ రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, మడి చివర గట్టు. ఆటో మిషన్‌లో డ్రోన్ గట్టు దాకా వచ్చి తిరుగుతుంది, ఒక్కోసారి కాస్త దాటి కూడా తిరుగుతుంది. ఆ వరుసకు సూటిగా అవతల కెమెరా ఉండకూడదు. రెండు, ట్యాంకు ఖాళీ అయిన క్షణం. ఆ డ్రోన్ పని మధ్యలో వదిలి, ముందే పెట్టిన ఎత్తుకు లేచి, పొలాన్ని ఐమూలగా కోసుకుంటూ ఇంటికి వస్తుంది. ఆ గీత ఎక్కడినుంచి ఎక్కడికి పడుతుందో ముందే చూసుకుని కెమెరాను ఆ గీత పోని పక్కన పెట్టాలి. బోరు మోటార్లకు పోయే విద్యుత్ తీగల్ని ఎయిర్ 3 సెన్సర్లు చూస్తాయని అనుకోవద్దు.

ఇక్కడే భారత పాఠకులకు సూటిగా చెప్పాల్సింది ఉంది. 2022 ఫిబ్రవరి 9 నుంచి పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాములు దాటిన ఈ తరగతికి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ ప్రమాణాలకు సరిపోతుందనే ధ్రువపత్రం) కావాలి. కాబట్టి చాటుగా అమ్మే ఎయిర్ 3ను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనమని ఈ సమీక్ష చెప్పదు. ఇక్కడ పనిచేసేవాళ్లు టైప్ సర్టిఫికెట్ ఉన్న, ఆప్టికల్ టెలి లేదా జూమ్ ఉన్న కెమెరా డ్రోన్ వెతుక్కుని పై లెక్కలే దానికి వేసుకోవాలి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్ జోన్ అయితే 120 మీటర్ల వరకు అనుమతి అక్కర్లేదు, విమానాశ్రయం సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 60 మీటర్ల వరకే.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఎంపిక ఉంది. 2024 అక్టోబరులో వచ్చిన ఎయిర్ 3ఎస్‌లో వైడ్ కెమెరాకు ఒక అంగుళం సెన్సర్, ముందు వైపు లైడార్ (లేజరుతో దూరం కొలిచే సెన్సరు) అదనంగా వచ్చాయి. రాత్రి షాట్లకు మంచిదే. కానీ ఈ పనికి కావలసిన టెలి సెన్సర్ పరిమాణం మారలేదు, లైడార్ ఉందని ఎదుటి డ్రోన్‌కు దగ్గరగా పోకూడదు. 249 గ్రాముల మినీ 4 ప్రోకు 24 మి.మీ. ఒక్కటే లెన్స్, కాబట్టి వద్దు. మావిక్ 3 ప్రోలో 70తో పాటు 166 మి.మీ. కూడా ఉంది. పెద్ద డ్రోన్లను 50 మీటర్ల నుంచి తీసేవాళ్లకు అది సరి, కానీ చిన్న డ్రోన్‌ను 166లో ఫ్రేములో నిలబెట్టడం కష్టం, ధర కూడా చాలా ఎక్కువ. ఎయిర్ 3 విడుదల ధర ఆర్‌సీ ఎన్2 రిమోట్‌తో (దానికి ఫోనే తెర) 1,099 డాలర్లు, మూడు బ్యాటరీలూ ఆర్‌సీ 2తో ఫ్లై మోర్ కాంబో 1,549 డాలర్లు. వాడినది కొంటే సొమ్ము కలిసొస్తుంది, బ్యాటరీల ఛార్జ్ సైకిళ్లు యాప్‌లో చూసి తీసుకోండి. ఈ పనికి మాత్రం ఆర్‌సీ 2 ఉన్న సెట్టే కొనండి. 700 నిట్ల ఆ తెర ఎండలో కనబడుతుంది, ఫోను తెర మసకబారితే పైలట్ తల వంచి వెతుక్కుంటూ స్టిక్‌ల మీద ధ్యాస పోగొట్టుకుంటాడు.